దెబ్బ తగలని కాలు

పుట్టి ఈ ఒడ్డు విడిచింది. వెంకట్రాములు తెడ్డేసుకుంట ఎగువకు తీస్కపోతుండు, అవతలికి పోయి మనుషులను ఎక్కించుకొని మల్ల ఈ రేవుకొచ్చేటాల్లకు ఒక గంట పడ్తదన్నడు. గంటంటే ఎంతనో కోట కాడ కొడ్తే నాకు తెలుస్తది గాని ఈడ కృష్ణ ఒడ్డున ఎవరు కొడ్తరు, నీడ చూసుకొనుడే. నా నీడ ఇంకా నా అంత కాలేదు. నా కొడుకు దేవరాజు వనపర్తికి పోయి ఇయ్యాల్టికి నాలుగో దినం. మంగళారం పొద్దుగూకక ముందే వస్తనన్నడు, ఇయ్యాల మంగళారమే, పొద్దింకా గూకలేదు, గందుకని భయపడేటందుకు ఏమీ లేదని నాకు నేనే చెప్పుకుంటున్న, చెప్పుకుంటనే చూస్తున్న. పుట్టంటే తోలు కప్పిన పెద్ద తట్టనే గద, తట్ట లెక్కనే గిర్రున తిరిగి మల్ల సర్దుకుంటది. ఆ నడుమ నల్లగ కనిపించేది సుడి కావచ్చు, బండరాయి నీడ కావచ్చు. వెంకట్రాములు ఇరువై ఏండ్ల సంది నడుపుతుండు, ఒక్క మనిషినీ ముంచలేదంటరు. ఇరువై ఏండ్లు ముంచనోడు ఇయ్యాల ముంచడని ఎవరు చెప్పగలరు.

"ఏందక్కా, వచ్చిన కాడి నుంచి గట్లనే సూస్తున్నవు. నువ్వు సూసే సూపుకు ఏరు ఇంకిపోయేటట్టుంది," అన్నది బాలనాగమ్మ. రేవు కాడ ఉడికిచ్చిన శెనగలు అమ్ముతది.

"ఇంకిపోతే మంచిదే. నడిచే వస్తడు," అన్న.

ఆమె నవ్వి గుప్పెడు శెనగలు నా కొంగుల పోసింది. ఒకటి నోట్లేసుకొని మిగిలినయి కొంగుల ముడేసుకున్న.

నడిచే వస్తడు అన్న. నా ఆలోచన ఏ దారిన బయలెల్లినా ఆడికే చేరుతది, కాళ్ల కాడికి. నా పెద్ద కొడుకు పెంటయ్య. వానికి ముందు పుట్టినోళ్లు ఇద్దరు నిలవకపోతే, వీడు పుట్టంగనే చాటల పెట్టి పెంట మీద పండవెట్టి, పక్కింటామె ఎత్తుకొచ్చి ఇచ్చినట్టు మల్ల తెచ్చుకొని ఆ పేరు పెట్టుకున్నం, సావు కండ్లు కప్పినం అనుకున్నం. పదిహేడేండ్లు కప్పినం. బండి చక్రం మేకు ఒకటి దారిల పడి ఉండె, వాని పాదంల దిగింది. ఎంత పుండు, ఈ శెనగగింజంత, నెత్తురు కూడ సరిగ రాలేదు, పసుపద్ది, పోతదిలే అన్న. పోతదిలే అన్నది నేనే. ఐదో దినానికి దవుడలు బిగుసుకపోయినయి. అప్పుడు మా వెనక వాడకట్టుల గాజుల మెహబూబీ ఉంటుండె, ఏడు దినాలు నా పక్క నుంచి లేవలేదు, పండ్ల సందుల నుంచి చెంచాతోటి నీళ్లు పోసింది, తలుపు తెరవనియ్యలే, వెలుతురు పడితే పిల్లోడు విల్లు లెక్క వంగుతుండె. నాకు ఏడుపొస్తే నా నోటి మీద తన చెయ్యి పెట్టింది, చప్పుడైనా వంగుతడని. ఆమె చేతికున్న గాజుల వాసన, లక్క వాసన, ఇప్పటికీ నా ముక్కులనే ఉంది. ఏడో దినం పిల్లోడు పోయినంక ఆ చెయ్యి తీసి, ఇగ ఏడువక్కా అన్నది.

అప్పటి సంది చిన్నోడి కాళ్లు చూసుడు నాకు పని. బయటి నుంచొచ్చి గడప కాడ కూసోంగనే చెంబెడు నీళ్లు పోసి, వేలు వేలు సందు తీసి, అరికాలు ఒత్తి చూస్త. ఇరువై ఒకటి ఏండ్లోడు, మీసమొచ్చినోడు, సిగ్గుపడ్తడు. "ఎద్దును కొనేటోడు సూసినట్టు సూస్తవేందే," అంటడు. అననీ. మాది నేత పని, గుంట మగ్గం, ఆ గుంటల కాళ్లు పెట్టుకొని తొక్కుకుంట కూసుంటే కాళ్లకు వచ్చే ఆపదేమీ లేదు, నా పెనిమిటి చిన్నయ్య నలభై ఏండ్ల సంది తొక్కుతుండు, ఆయన పాదాలు పసిపిల్లల పాదాల లెక్కుంటయి. దేవరాజు కూడ గట్లనే గుంటల ఉంటే నాకెంత నిమ్మలం. గాని వాన్ని ఆ తోలుబంతి పిలిచింది. పట్నంల చదువుకున్నోళ్లు తెచ్చిన్రంట ఆ ఆటను, కోట అవతల బయల్ల ఆడుతుండిరి, ఉత్త కాళ్లతోనే, రాళ్లు, పల్లేరుకాయలు, గాజుపెంకులు. వీడు, మెహబూబీ కొడుకు గౌసు, ఇద్దరిదీ ఒకటే ఈడు, బంతి లేని కాలంల చింపిరి గుడ్డలు చుట్టుకొని తన్నుకున్నోళ్లు. ఒకడు ఎటు తంతడో రెండోడు చూడకుండనే ఆడికి ఉరికేటోడు. మెహబూబీ పెనిమిటి పోయినంక ఆమె తమ్ముని ఇంటికి వనపర్తికి పోయింది, గౌసు ఆడి టీంల చేరిండు. పోయే దినం గౌసు నా కాళ్లు మొక్కి, "పెద్దమ్మా, మీ వోని కాళ్లు మంచిగ సూడు, నేను తన్నాలె గద," అన్నడు. నవ్వినం అందరం.

పుట్టి నడిమి ఏట్లకు పోయింది. చిన్నగైంది. వెంకట్రాములు తెల్ల రుమాలు ఒక్కటే కనిపిస్తుంది.

ఇంగ్లీషోళ్ల పెద్ద లడాయి మొదలైన మరుసటేడు, అంటే ఈ ఏడే, జాతర దినాలల్ల మూడు రాజ్యాల ఆట పెట్టిన్రు. పెద్దోళ్లకు అవి ఏమో గాని నా అసోంటిదానికి మూడు రాజ్యాలే. మా గద్వాల ఒకటి, వనపర్తి ఒకటి, తుంగభద్ర దాటితే ఇంగ్లీషోళ్ల ఇలాక, ఆడ పోలీసోళ్ల టోపీ వేరు, కాయితాల మీద రాసే నెలల పేర్లు వేరు. మూడు టీంలల్ల రెండు టీంలు హైదరాబాదుకు పోతయి. పట్నంల మంచిగ ఆడినోన్ని ఆడి పెద్ద టీంలకు తీస్కుంటరని, తీస్కుంటే నౌకరేనని గౌసు ఎంతో ఆశ పెట్టుకున్నడు. మెహబూబీకి కండ్లు మసకైనయి, గాజులు ఎక్కించబోతే పగిలి చేతులు గీరుకుంటున్నయని ఆడోళ్లు ఆమెను పిలుచుడు బంద్ చేసిన్రు, ఇగ ఇంటికి ఆధారం గౌసే. ఆ సంగతి నాకు తెలుసు. తెల్వకనే చేసిననని చెప్పుకునేటందుకు కూడ నాకు లేదు.

వనపర్తోళ్లు రెండు ఆటలు ఆడేసిన్రు, మాతోటి ఒకటి, ఇంగ్లీషు ఇలాకోళ్లతోటి ఒకటి, రెండింట్ల ఎవ్వరికీ గోలు కాలేదు. ఇగ మిగిలింది మా వాళ్లకు, ఇలాకోళ్లకు నడుమ ఆట. ఎవరన్న గెలిస్తే ఓడినోళ్లు ఇంటికి, గౌసోళ్లు పట్నానికి. గాని ఇద్దరు చెరొక్క గోలు కొట్టుకొని సమానంగ ఆగితే, గోలే కొట్టని వనపర్తోళ్లు ఎగిరిపోతరు, ఈ ఇద్దరు రైలెక్కుతరు. ఇదంతా నాకు విడమరిచి చెప్పింది బక్కయ్య. నా పెనిమిటికి తమ్ముని వరస. మా టీంల బంతి వానిది, గాలి కొట్టే పంపు వానిది, గందుకని మాట కూడ వానిదే. ఆట ముందటి దినం వచ్చి మా గడపల కూసున్నడు.

"వదినా, రేపటి ఆటల దెబ్బలుండయి. వాండ్లతోటి మాట్లాడుకున్నం. చెరొకటి కొట్టుకున్నంక అటిటు తన్నుకొని ఇంటికొచ్చుడే. అందరు సరేనన్నరు, నీ కొడుకొక్కడే మొండికేసిండు."

"వాండ్లు బూట్లేసుకొని ఆడ్తరంట గద."

"వేసుకొనే వస్తరు మరి. కింద మేకులు కొట్టిన బూట్లు. నీ కొడుకు మీదికురికితే వాండ్లు ఊకుంటరా, నువ్వే చెప్పు."

మేకులు అన్నడు. ఆ ఒక్క మాట అనకపోతే ఏమయ్యేదో. మా పెంటయ్య ముచ్చట వానికి తెలుసు, పాడెకు భుజం పట్టినోడు, తెలిసే అన్నడేమో, తెల్వకనే అన్నడేమో. నేను ఇంకేమీ వినలేదు. లోపలికి పోయిన. దేవరాజు గుంటల కాళ్లు పెట్టుకొని మగ్గం మీద ఉండె, వాని కుడిచెయ్యి గుంజి నా తల మీద పెట్టుకున్న. "రేపు నువ్వు ఉరకొద్దు. బూట్లోళ్ల మీదికి పోవద్దు. అందరు ఎట్ల నిలబడ్తరో గట్లనే నిలబడాలె. నా తల మీద ఒట్టు." చెయ్యి తీసుకుందమని చూసిండు, నేను గట్టిగ ఒత్తిపట్టుకున్న. ఒట్టు తప్పితే తల పోతదని వాడు నమ్ముతడు, అన్న పోంగ చూసినోడు, ఇంట్ల ఎవరైనా ఎప్పుడైనా పోవచ్చని చిన్నప్పుడే తెలిసినోడు. "మరి గౌసుకు ఏం చెప్పాలెనే?" అన్నడు. గౌసు అర్థం చేసుకుంటడు అన్న. అవతలి మగ్గం కాడ నా పెనిమిటి పోగుల నడుమ విసిరే నాడె ఆపి, "వాని కాళ్లు వానియి గావా," అన్నడు. అని మల్ల నాడె విసిరిండు. ఆయన గట్లనే, ఒక్క మాటంటడు, అన్నంక పట్టించుకోడు.

అవతల ఒడ్డుకు పుట్టి తాకినట్టుంది. చీమల లెక్క మనుషులు కదులుతున్నరు. ఒక బండి కూడ ఉంది రేవు కాడ, ఎద్దులు తెల్లగ కంటికి ఆనుతున్నయి. బండిల పండవెట్టి తెచ్చేటట్టు ఎవరికేమైంది. ఊకె ఎవరిదో సామాన్ల బండి కావచ్చు. కావచ్చు.

ఆట నాడు నేను తాడు పక్కకు నిలిపిన బండ్ల మీద ఆడోళ్లతోటి కూసున్న. బూట్ల చప్పుడు ముందు వినవడ్డది. వాళ్లొక గోలు కొట్టిన్రు, మా గోలు కాడి పిల్లోడు ఎండకు కండ్లు మూసుకున్నట్టు చేసిండు. మా వాళ్లొకటి కొట్టిన్రు, వాళ్లోడు కాలు జారినట్టు చేసిండు. ఇగ అంతే. పెండ్లిల తాంబూలం అందిచ్చినట్టు బంతిని వీనికి వాడు, వానికి వీడు. మర్యాదనే మర్యాద. జాతరకొచ్చినోళ్లు ముందు నవ్విన్రు, పిమ్మట కేకలేసిన్రు, ఆ తరువాత ఒక ముసలాయన లేచి మైదానానికి వీపు పెట్టి కూసున్నడు. ఆయనను చూసి పక్కోడు, వాన్ని చూసి ఇంకొకడు, జర సేపటికి అవతలి దిక్కు వరస వరసంతా వీపులే. గన్ని వీపుల ముందర మా పిల్లలు బంతి ఆడుతున్నరు. వనపర్తోళ్లు మాత్రం వీపు తిప్పలేదు, గౌసు మోకాళ్లు చేతులతోటి చుట్టుకొని కూసున్నడు, వాడు దేవరాజును తప్ప ఇంకేదీ చూస్తలేడు. నేను గౌసును చూస్తున్న. వాని బుగ్గలు ఎండకు చెక్కులు కట్టినట్టున్నయి, వాళ్లమ్మ నూనె రాస్తలేదేమో అనుకున్న. గట్ల అనుకున్న చూడు, నేనే.

సగం ఆటకు నీళ్లు తాగనిస్తే దేవరాజు నేరుగ మా బండి కాడికొచ్చిండు. చెమట కూడ పట్టలేదు.

"అమ్మా, ఒట్టు తీసి గట్టున పెట్టే."

చిన్నప్పుడు పిల్లలు గట్లనే అడుగుతరు, ఎవరి తల మీద పెట్టిన్రో వాళ్లు తీసి గట్టున పెట్టిన అంటే ఒట్టు పోతది, అంతే, ఒక్క మాట. నా నోట్లకు వచ్చింది. అప్పుడే అవతల ఇలాకోళ్లు ఇద్దరు బూట్లిప్పి బోర్లించి మట్టి దులుపుతున్నరు, బూట్ల అడుగున మేకుల తలలు ఎండకు మెరుస్తున్నయి, ఒక్కొక్క బూటుకు ఎన్నో. నేను మొఖం తిప్పుకున్న. "నేను బతకాలనుంటే గట్లనే నిలబడు," అన్న. వాడు మల్ల మైదానంలకు పోయిండు. రెండో సగంల ఎట్లొచ్చిందో బంతి వాని కాళ్ల కాడికొచ్చింది, ముందు ఎవ్వరూ లేరు, గోలు కాడోడు కూడ ఎవరితోనో ముచ్చట పెట్టుకుంట దూరంగ నిలబడ్డడు. గౌసు లేచి నిలబడ్డడు. వాడు లేస్తే వనపర్తోళ్లంతా లేచిన్రు. వీపు పెట్టిన ముసలాయన కూడ మెడ తిప్పిండు. దేవరాజు నా బండి దిక్కు చూసిండు. ఎంతసేపు చూసిండో, నేను కొంగు నోట్ల కుక్కుకున్న. పిమ్మట పాదం పక్కతోటి, పసిపిల్లోని కాడికి దొర్లించినట్టు, బంతిని మెల్లగ ఆ గోలు కాడోని దిక్కు దొర్లించిండు. గౌసు కూసున్నడు.

ఆ పొద్దు ఇంటికొచ్చినంక గడప కాడ నీళ్లు పోసి కాళ్లు చూసిన. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఒక్క గీత లేదు, కమిలిన మచ్చ లేదు. నేను సంతోషపడ్డ. దాచుడెందుకు, ఆ పాదాలు రెండు చేతులల్ల పట్టుకొని ఎంతో సంతోషపడ్డ. వాడు కాళ్లు గుంజుకొని, "సూసినవు గద, ఇగ సాలు," అన్నడు. తరువాత ఎన్నడూ చూడనియ్యలే. బక్కయ్య టీంను తీస్కొని రైలెక్కిండు, వీడు పోలే. "నీ కొడుకుకు తలపొగరు వదినా, అందరు చేసిందే చేసి తానొక్కడే పతివ్రత లెక్క కూసుండు," అని పోయిండు. దేవరాజు పది దినాలు మగ్గం దిగలేదు. నేను కోరిందే గద అది, నా కొడుకు గుంటల కాళ్లు పెట్టుకొని తొక్కుతుండాలె. తొక్కుతుండు, చప్పుడు వస్తనే ఉంది, నాకు ఆ చప్పుడు కాడ కూసోబుద్ధి కాలే. పదకొండో దినం వనపర్తికి పోతున్న, గౌసును కలిసి వస్త అన్నడు. ఏం చెప్తవురా అంటే మూట కట్టుకుంటనే ఉన్నడు. ఎప్పుడొస్తవంటే మంగళారం అన్నడు. "ఒట్టా?" అన్న. నోటి నుంచి జారింది, అలవాటుగ. వాడు నా మొఖం చూసిండు, చెప్పులు చేతుల పట్టుకొని పోయిండు.

పుట్టి మళ్లింది. మళ్లింది, ఇటే వస్తుంది. నీళ్లల్ల పడ్తడేమో, అలిగి ఎటన్న పోయిండేమో, దుఃఖంల ఏం చేసుకున్నడో, ఇట్ల నాలుగు దినాల సంది వంద భయపడ్డ, గాని ఒకటుంది, దాన్ని నాకు నేను కూడ చెప్పుకోలే. వాడు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటడు. మా అమ్మ ఒట్టు పెట్టిచ్చుకుంది, సగం ఆటల అడిగినా తీయలేదు అని చెప్పి ఉంటడు. మసక కండ్లతోటి మెహబూబీ వినుకుంట కూసొని ఉంటది. ఏమనదు ఆమె. ఆమె ఏమనదు, అదే. కొడుకు వచ్చుడు కావాలె నాకు, మెహబూబీకి తెల్వకుండుడూ కావాలె. రెండింట్ల ఒకటే దొరుకుతదంటే ఏది అడుగుదువే సుగుణమ్మా అని ఏరు అడిగినట్టయింది. కొడుకే అన్న. అనేటందుకు జర సేపు పట్టింది. ఆ జర సేపును తలచుకుంటే సిగ్గైతుంది.

"తీసి గట్టున పెట్టిన," అన్న పైకే.

"ఏందక్కా?" అన్నది బాలనాగమ్మ.

"ఏం లేదు."

పుట్టిల తలకాయలు లెక్కపెట్టిన. ఏడు, ఒక మేక. ఇద్దరు ఆడోళ్లు, గడ్డపాయన, తలపాగలోళ్లు ఇద్దరు, వెంకట్రాములు. ఏడోది వంగి ఉంది. లేచింది. దేవరాజే. నా కండ్లల్ల నీళ్లు నిండి ఏరంతా అలికినట్టయింది. వచ్చిండు, మాట మీద వచ్చిండు, పొద్దు ఇంకా రెండు మూరలుంది. పుట్టి ఒరిసి ఆగినంక వెంకట్రాములు వాని రెట్ట పట్టుకొని దించిండు. రెట్ట ఎందుకు పట్టుకోవాలె. దిగిండు, కుంటుతుండు. ఎడమ కాలుకు కట్టు, మడిమ నుంచి పిక్క దాక, పచ్చటి పాత గుడ్డ.

అయిపోయింది అనుకున్న. నేను మొదటి సంది ఏది అనుకుంటున్ననో అదే అయింది. మేకో ముల్లో, వనపర్తి దారంతా రాళ్లు, ఎన్ని దినాలైందో, దవుడలు ఆడుతున్నయా. తడి ఇసుకల కూలబడి వాని కాలు ఒడిల పెట్టుకున్న. "నోరు తెరువురా, నోరు తెరువు," అన్న. తెరిచిండు. మంచిగనే తెరిచిండు. కట్టు ముడి మీద చెయ్యేసిన.

"ఇప్పకమ్మా," అన్నడు మెల్లగ. "గౌసు సూస్తుండు."

తలెత్తి చూసిన. అవతల రేవుల ఆ తెల్ల ఎద్దుల బండి అట్లనే ఉంది, దాని మీద ఒక మనిషి నిలబడి ఉన్నడు.

"ఆట నాడు మొదట్లనే కాలు బెణికిందని చెప్పిన. గందుకే ఉరకలేకపోయిన, బంతి తన్నలేకపోయిన అని. వాళ్లమ్మ నూనె కాచి రుద్దింది, ఓణీ చింపి కట్టింది. నడవొద్దని వాడు బండి కట్టుకొని రేవు దాక తెచ్చిండు."

నా వేళ్లు కట్టు మీద నుంచే తడిమినయి, వాటికి తెలుసు ఆ పని. వాపు లేదు, వేడి లేదు. చల్లగ, నున్నగ, ఎట్ల కన్ననో గట్లనే ఉంది ఆ కాలు. ఆముదం వాసన, దాని కింద సన్నగ లక్క వాసన.

"నమ్మిండా?" అన్న.

"కట్టు ముడి వాడే బిగించిండు." ఏటి దిక్కు చూసిండు. "మల్ల ఎప్పుడు ఆడ్తవని అడిగిండు. ఇది నయమయ్యే కాలు గాదన్న."

ఇగ ఆడడు. మైదానానికి పోడు, రాళ్ల మీద ఉరకడు, బూట్లోళ్లకు ఎదురు పోడు. నా కొడుకు కాలుకు ఇంకెప్పుడూ ఏమీ కాదు. వాని చెయ్యి నా భుజం మీద వేసుకొని లేపిన. బాలనాగమ్మ అయ్యో అయ్యో అనుకుంట కట్టె తెచ్చిచ్చింది. అవతలి మనిషి చెయ్యెత్తిండు, నేనూ ఎత్తిన. దేవరాజు బరువంతా నా మీద వేసినట్టు ఒరిగిండు, బరువేమీ లేదు. నాలుగడుగులు ఏసినంక ఆలోచనల పడ్డడేమో, మంచి కాలును ఈడ్వబట్టిండు.

"ఆ కాలు గాదు బిడ్డా, ఇది," అన్న చెవి కాడ.

మార్చుకున్నడు. వెనక ఏటికవతల ఎద్దుల మెడల గంటలు మోగుతయేమో, బండి మళ్లుతదేమో అని చెవి పెట్టుకొనే నడిచిన. మోగలే. ఆ మనిషి గట్లనే నిలబడి ఉన్నట్టుంది. మేము మెల్లగ, ఒకరికొకరం అడ్డం రాకుండ, ఆ దినం మైదానంల రెండు టీంలోళ్లు నడిచినట్టే, గట్టెక్కేదాక నడిచినం.